రక్తం పల్చబడే బిళ్లలు, మన జీన్లు: ఏ టెస్ట్ ఎవరికి, రిపోర్ట్ ఎలా చదవాలి

గుండె వాల్వు మార్చుకున్న ఇద్దరికి ఒకే వయసు, ఒకే బరువు, ఒకే డోసు ఆసిట్రామ్. అయినా ఒకరికి ఐఎన్ఆర్ (రక్తం ఎంత పల్చబడిందో చెప్పే అంకె) 1.4 దగ్గరే ఆగిపోవచ్చు, ఇంకొకరికి పది రోజుల్లో 6 దాటి చిగుళ్ల నుంచి రక్తం రావచ్చు. స్టెంట్ వేయించుకున్న ఇద్దరు రోజూ క్లోపిడోగ్రెల్ మింగుతున్నా ఒకరికి అది పనిచేసి, ఇంకొకరికి దాదాపు పనిచేయకుండానే పోవచ్చు. ఈ తేడాలో పెద్ద భాగం పుట్టుకతో వచ్చిన జీన్ల వల్లే. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఈ బిళ్లలు వాడేవాళ్లు, వాళ్లను చూసుకునే ఇంటివాళ్లు, ఊళ్లో మందులిచ్చేవాళ్లు ఏం చేయాలో, ఏం చేయకూడదో ఇక్కడ రాస్తున్నాం. డోసు మార్చే పని మాత్రం ఎప్పుడూ డాక్టరుదే.

ముందు స్ట్రిప్ తిప్పి చూడండి

"రక్తం పల్చబడే బిళ్ల" అని మనం పిలిచేవి ఒక రకం కాదు. స్ట్రిప్ వెనక చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చదవండి.

ఎసినోకౌమరాల్ (ఆసిట్రామ్) లేదా వార్ఫరిన్ (వార్ఫ్) అని ఉంటే అది విటమిన్ కె పనిని అడ్డుకునే మందు. లోహపు వాల్వు వేసుకున్నవాళ్లకు, కీళ్లవాతం జ్వరం వల్ల మైట్రల్ వాల్వు బాగా మూసుకుపోయి గుండె లయ తప్పినవాళ్లకు ఇదే వాడతారు. దీన్ని ఐఎన్ఆర్‌తో కొలుస్తారు.

క్లోపిడోగ్రెల్ అని ఉంటే అది ప్లేట్‌లెట్లు అతుక్కోకుండా చూసేది. స్టెంట్, గుండెపోటు, కొన్ని రకాల పక్షవాతం తర్వాత ఇస్తారు. ఇది చాలాసార్లు ఒంటరిగా ఉండదు. ఆస్పిరిన్‌తో కలిపిన బిళ్లలోనో, కొలెస్ట్రాల్ మందు కూడా చేర్చిన క్యాప్సూల్‌లోనో దాగి ఉంటుంది. "నేను ఆస్పిరిన్ మాత్రమే వాడుతున్నా" అనే చాలామంది స్ట్రిప్ మీద క్లోపిడోగ్రెల్ 75 అని ఉంటుంది.

డాబిగాట్రాన్, రివరాక్సబాన్, ఎపిక్సబాన్ అని ఉంటే జీన్ టెస్ట్ అవసరం లేదు. వీటికి ముఖ్యంగా కిడ్నీ పనితీరు, అంటే క్రియాటినిన్, వయసు, బరువు చూస్తారు. అయితే లోహపు వాల్వు ఉన్నవాళ్లు ఆసిట్రామ్ బదులు వీటిని వాడకూడదు. డాబిగాట్రాన్‌ను అలా వాడి చూసిన ట్రయల్‌ను హాని కనబడి మధ్యలోనే ఆపేశారు. కీళ్లవాతం వాల్వు జబ్బు ఉన్నవాళ్లలో కూడా రివరాక్సబాన్ కన్నా పాత మందే మేలని 2022లో వచ్చిన ఇన్‌విక్టస్ ట్రయల్ తేల్చింది. "ఐఎన్ఆర్ గొడవ లేని కొత్త బిళ్ల ఉందట" అని ఎవరో చెప్పారని మార్చుకోవద్దు.

ఆసిట్రామ్, వార్ఫరిన్: రెండు జీన్లు

మొదటిది వీకేఓఆర్‌సీ1. గడ్డకట్టే పదార్థాలు తయారయ్యేటప్పుడు వాడిపోయిన విటమిన్ కెను తిరిగి పనికొచ్చేలా చేసే ఎంజైమ్ ఇది. ఈ మందులు పట్టుకునేది దీన్నే. ఈ జీన్ ముందు భాగంలో 1639వ స్థానంలో జీ బదులు ఏ ఉంటే ఎంజైమ్ తక్కువ తయారవుతుంది, కాబట్టి తక్కువ మందుతోనే రక్తం పల్చబడుతుంది. చైనా, జపాన్ వాళ్లలో ఈ ఏ రకం చాలా ఎక్కువ. మనలో తక్కువ. అందుకే అక్కడి పుస్తకాల్లోని చిన్న డోసులు మన దగ్గర అందరికీ సరిపోవు.

రెండోది సీవైపీ2సీ9. కాలేయంలో ఈ మందును విరగ్గొట్టి బయటికి పంపే ఎంజైమ్. *2, *3 అనే మార్పులుంటే ఆ పని మందగిస్తుంది, *3లో మరీ ఎక్కువగా. యూరప్ వాళ్లలో *2 ఎక్కువ. దక్షిణాదిలో మనకు ఎక్కువగా కనిపించేది *3. ఇదున్నవాళ్లలో మురుగుకాలువ పూడిన మడిలో నీళ్లు నిలిచినట్టు మందు ఒంట్లో నిలిచిపోతుంది.

సీవైపీ4ఎఫ్2 అనే మూడో జీన్ కూడా కొన్ని రిపోర్టుల్లో ఉంటుంది. దాని ప్రభావం చిన్నది, డోసు కొంచెం పెరుగుతుందంతే.

రెండు జీన్లు కలిస్తే తేడా ఎంతో చూడండి. ప్రతి జీన్‌కూ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు ప్రతులుంటాయి, అందుకే జీజీ, *1/*3 అని జంటగా రాస్తారు. *1 అంటే మామూలు రకం. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2010లో వార్ఫరిన్ లేబుల్ మీద ఒక పట్టిక పెట్టింది. వీకేఓఆర్‌సీ1 జీజీ, సీవైపీ2సీ9 *1/*1 ఉన్నవాళ్లకు రోజుకు 5 నుంచి 7 మి.గ్రా. జీజీతో పాటు *1/*3 ఉంటే 3 నుంచి 4. ఏఏతో పాటు *1/*3 ఉంటే 0.5 నుంచి 2 మాత్రమే. ఈ అంకెలు వార్ఫరిన్‌వి. ఆసిట్రామ్ డోసు మి.గ్రా.ల్లో సుమారు సగమే ఉంటుంది కాబట్టి ఈ పట్టికను ఆసిట్రామ్‌కు పెట్టి చూడకూడదు. మెడికల్ షాపులో ఆసిట్రామ్ 4 లేదని వార్ఫ్ 4, లేదా వార్ఫ్ 5 లేదని ఆసిట్రామ్ 5 మి.గ్రా. అయ్యేలా ఇస్తే తీసుకోవద్దు. రెండూ "అదే మందు" కాదు.

జీన్ తెలిసినా ఐఎన్ఆరే పెద్ద దిక్కు

ఈ విషయంలో మా అభిప్రాయం గట్టిది. ఆసిట్రామ్ వాడేవాళ్లకు జీన్ టెస్ట్ మొదటి రెండు మూడు వారాల్లో దారి చూపిస్తుంది. ఆ తర్వాత ఐఎన్ఆరే అన్నీ చెబుతుంది, ఎందుకంటే జీన్, తిండి, ఇతర మందులు, కాలేయం అన్నిటి ఫలితమూ ఆ ఒక్క అంకెలో ఉంటుంది. 2013లో వచ్చిన రెండు పెద్ద వార్ఫరిన్ ట్రయల్స్‌లో యూరప్‌లో చేసింది జీన్ చూసి డోసిస్తే మేలని చెప్పింది, అమెరికాలో చేసింది తేడా లేదంది. 2017లో కీళ్లు మార్పించుకున్న పెద్దవాళ్ల మీద చేసిన గిఫ్ట్ ట్రయల్‌లో మాత్రం ఇబ్బందులు తగ్గాయి. అంటే పనికొస్తుంది, కానీ ఐఎన్ఆర్‌కు బదులు కాదు.

ఆరు నెలలుగా ఒకే డోసు మీద ఐఎన్ఆర్ నిలకడగా ఉన్నవాళ్లు ఈ టెస్ట్‌కు డబ్బు పెట్టనక్కర్లేదు. కింది ముగ్గురికి పెడితే అర్థముంది: మందు ఇప్పుడే మొదలుపెడుతున్నవాళ్లు, 1 మి.గ్రా.కే ఐఎన్ఆర్ 4 దాటుతున్నవాళ్లు, ఎంత పెంచినా ఐఎన్ఆర్ ఎక్కనివాళ్లు. మూడో రకం వాళ్లు ముందు ఇంట్లో చూసుకోవాలి. బిళ్ల రోజూ పడుతోందా, బలం బిళ్లల్లో విటమిన్ కె ఉందా, టీబీకి రిఫాంపిసిన్ వాడుతున్నారా, ఫిట్స్‌కు కార్బమజెపిన్ వాడుతున్నారా. ఎక్కువమందికి జవాబు ఇక్కడే దొరుకుతుంది.

*3 ఉన్నవాళ్లలో జరిగే అసలు పొరపాటు తొందర. వార్ఫరిన్ మొదలుపెట్టిన నాలుగో రోజు ఐఎన్ఆర్ 1.6 ఉంది కదా అని డోసు పెంచుతారు. వీళ్ల ఒంట్లో మందు ఇంకా పేరుకుంటూనే ఉంటుంది, స్థిరపడటానికి రెండు మూడు వారాలు పట్టొచ్చు. పైగా గడ్డకట్టే పదార్థాల్లో ముఖ్యమైన ప్రోత్రాంబిన్ సగం తగ్గడానికే రెండున్నర, మూడు రోజులు పడుతుంది. పెంచిన డోసు, పాత డోసు కలిసి పన్నెండో రోజుకు ఐఎన్ఆర్ 5, 6కు ఎగబాకుతుంది. అందుకే *3 అని తెలిస్తే చిన్న డోసుతో మొదలుపెట్టాలి, పెంచేముందు ఎక్కువ రోజులు ఆగాలి, మొదటి నెల ఐఎన్ఆర్ తరచుగా చూడాలి.

మార్పు రోజు డోసులో కాదు, వారం మొత్తంలో లెక్కపెట్టాలి. ఉదాహరణకు ఆసిట్రామ్ రోజూ 2 మి.గ్రా. అంటే వారానికి 14. లక్ష్యం 2 నుంచి 3 అయితే, ఐఎన్ఆర్ 3.6 వచ్చి రక్తస్రావం లేదనుకోండి. డాక్టరు పది శాతం తగ్గించమంటే సోమ, బుధ, శుక్రవారాలు 1.5, మిగతా నాలుగు రోజులు 2. మొత్తం 12.5. దీన్ని క్యాలెండరు మీద రోజుకో గడిలో రాసి బిళ్లల డబ్బా పక్కన తగిలించండి. బిళ్ల సాయంత్రం ఒకే వేళకు వేసుకుంటే పొద్దున ఐఎన్ఆర్ చూసుకుని అదే రోజు డోసు మార్చుకునే వీలుంటుంది. ఒక పూట మరిచిపోయి అదే రోజు గుర్తొస్తే వేసుకోండి. మరుసటి రోజు రెండు కలిపి వేసుకోవద్దు.

లక్ష్యం అందరికీ ఒకటే కాదు. గుండె లయ తప్పినా, కాలి సిరలో గడ్డ కట్టినా 2 నుంచి 3. మైట్రల్ స్థానంలో లోహపు వాల్వు ఉంటే సాధారణంగా 2.5 నుంచి 3.5. మీ లక్ష్యం అంకె ఫైలు మొదటి పేజీ మీద రాయించుకోండి.

ఐఎన్ఆర్ శాంపిల్ నీలం మూత ట్యూబులో ఇస్తారు. అందులో సిట్రేట్ ఉంటుంది, తొమ్మిది పాళ్ల రక్తానికి ఒక పాలు. గీత దాకా నిండకపోతే సిట్రేట్ ఎక్కువై ఐఎన్ఆర్ అబద్ధంగా ఎక్కువ చూపిస్తుంది. ఉదయగిరిలోనో కనిగిరిలోనో శాంపిల్ తీసి నెల్లూరుకో ఒంగోలుకో పంపితే గది వేడిలోనే ఉంచి 24 గంటల్లోపు చేయాలి, ఫ్రిజ్‌లో పెట్టకూడదు. అనుకోని అంకె వస్తే డోసు మార్చేముందు ఇంకోసారి చేయించడం మంచిది.

క్లోపిడోగ్రెల్: ఇక్కడ జీన్ టెస్ట్‌కు ఎక్కువ విలువ

క్లోపిడోగ్రెల్ మింగినప్పుడు మందు కాదు. కాలేయంలో సీవైపీ2సీ19 అనే ఎంజైమ్ దాన్ని పనిచేసే రూపంలోకి మార్చాలి. *2 లేదా *3 ఉంటే ఆ ప్రతి నుంచి వచ్చే ఎంజైమ్ పనిచేయదు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ చెడ్డవైతే బిళ్ల వేసుకున్నా ప్లేట్‌లెట్లు పెద్దగా అడ్డుకోబడవు. 2010 మార్చిలో ఎఫ్‌డీఏ ఈ హెచ్చరికను నల్ల గీతల డబ్బాలో లేబుల్ మీద పెట్టించింది.

ఇది మన సమస్య అని చెప్పడానికి కారణముంది. బ్రిటన్‌లో స్థిరపడ్డ తెలుగువాళ్ల డీఎన్ఏ కూడా ఉన్న 1000 జీనోమ్స్ (అనేక దేశాల మనుషుల డీఎన్ఏ చదివిన ప్రాజెక్టు) లెక్కల్లో దక్షిణాసియావాళ్ల సీవైపీ2సీ19 ప్రతుల్లో సుమారు మూడో వంతు *2 రకానివే. మనిషికి రెండు ప్రతులు కాబట్టి, సగం మందికి పైగా కనీసం ఒక *2 ఉంటుంది, సుమారు పదిమందిలో ఒకరికి రెండూ అవే. మేనరికం పెళ్లిళ్లు చేసుకునే కుటుంబాల్లో ఒకే ప్రతి రెండువైపుల నుంచీ వచ్చే అవకాశం ఇంకా ఎక్కువ. ఇంత మామూలు విషయానికి మన దగ్గర టెస్ట్ చేయించేవాళ్లు చాలా తక్కువ. ఆసిట్రామ్‌కు ఐఎన్ఆర్ ఉన్నట్టు క్లోపిడోగ్రెల్‌కు రోజువారీ కొలత లేదు. ప్లేట్‌లెట్ పనితీరు టెస్టులు ఉన్నా అన్నిచోట్లా దొరకవు. బిళ్ల పనిచేయలేదని తెలిసేది స్టెంట్ మూసుకుపోయినప్పుడే. అందుకే డబ్బు ఒక టెస్ట్‌కే ఉంటే ఇక్కడ పెట్టమంటాం.

ఎవరికి? స్టెంట్ వేయించుకుని క్లోపిడోగ్రెల్ మీద మొదటి ఏడాదిలో ఉన్నవాళ్లకు. క్లోపిడోగ్రెల్ వాడుతుండగానే మళ్లీ గుండెపోటో పక్షవాతమో వచ్చినవాళ్లకు. చిన్న పక్షవాతం వచ్చి ఈ మందు మొదలుపెడుతున్నవాళ్లకు. డాక్టరు ముందే టికాగ్రెలార్ లేదా ప్రాసుగ్రెల్ రాస్తే ఈ టెస్ట్ అక్కర్లేదు, వాటికి ఈ జీన్‌తో పనిలేదు. క్లోపిడోగ్రెల్ మానేసి ఆస్పిరిన్ ఒక్కటే వాడుతున్నవాళ్లకూ అక్కర్లేదు.

రిపోర్టులో *2/*2, *2/*3, *3/*3 ఉంటే "పూర్ మెటబలైజర్", అంటే మందును పనిచేసే రూపంలోకి సరిగా మార్చలేని మనిషి. గుండె స్టెంట్ వాళ్లయితే డాక్టరు వేరే మందుకు మారుస్తారు. *1/*2 అయితే "ఇంటర్మీడియట్", వీళ్లకూ వీలైతే మార్చమనే ఇప్పటి సిఫార్సు. *17 ఉంటే క్లోపిడోగ్రెల్ పనిచేసే రూపంలోకి మరింత చురుగ్గా మారుతుంది, సాధారణంగా డోసు మార్చరు. క్లోపిడోగ్రెల్‌నే రెండింతలు, 150 మి.గ్రా. ఇచ్చి సరిపెట్టడం పూర్ మెటబలైజర్ల విషయంలో నమ్మదగిన దారి కాదు.

బదులు మందులకూ షరతులున్నాయి. ప్రాసుగ్రెల్ గతంలో పక్షవాతం వచ్చినవాళ్లకు ఇవ్వకూడదు. 75 ఏళ్లు దాటినా, బరువు 60 కిలోల లోపున్నా జాగ్రత్త. టికాగ్రెలార్ రోజుకు రెండుసార్లు 90 మి.గ్రా., సాయంత్రం బిళ్ల తప్పితే పని తగ్గిపోతుంది. కొందరికి ఆయాసంలా అనిపిస్తుంది. అది గుండె జబ్బు ముదిరిందనుకుని భయపడో, ఎవరికీ చెప్పకుండానో మానేసేవాళ్లున్నారు. డాక్టరుకు చెప్పి మార్పించుకోండి గానీ స్టెంట్ ఉండగా ఒక్కరోజు కూడా సొంతంగా ఆపొద్దు.

జీన్ బాగున్నా క్లోపిడోగ్రెల్‌ను పాడుచేసేది ఒకటుంది, గ్యాస్ బిళ్ల. ఒమెప్రజోల్, ఈసోమెప్రజోల్ ఇదే ఎంజైమ్‌ను అడ్డుకుంటాయి. గ్యాస్ బిళ్ల తప్పదంటే పాంటాప్రజోల్ అడగండి. షాపువాళ్లు "ఏదైనా ఒకటే" అని ఒమెప్రజోల్ ఇస్తే వెనక్కివ్వండి.

శాంపిల్, రిపోర్టు

జీన్ టెస్ట్‌కు పరగడుపు అక్కర్లేదు, వాడే బిళ్లలు ఆపనక్కర్లేదు. 2, 3 మి.లీ. రక్తం వంకాయరంగు మూత ట్యూబులో, అంటే ఈడీటీఏలో ఇస్తారు. ఆకుపచ్చ మూత ట్యూబులో హెపారిన్ ఉంటుంది, అది డీఎన్ఏ టెస్ట్‌ను దెబ్బతీస్తుంది. బుగ్గ లోపలి నుంచి పుల్లతో తీసే పద్ధతీ ఉంది. మన పట్టణాల్లో తీసిన శాంపిల్ ఎక్కువగా చెన్నై, హైదరాబాద్, బెంగళూరు ల్యాబ్‌లకు కొరియర్‌లో పోతుంది. కాబట్టి రోజుల తరబడి పట్టొచ్చు. రిపోర్ట్ వచ్చేదాకా మందు ఆపడం అనే మాటే రాకూడదు.

చీటీ మీద జీన్ పేరు రాయించుకోండి: "క్లోపిడోగ్రెల్ కోసం సీవైపీ2సీ19", లేదా "వార్ఫరిన్ కోసం సీవైపీ2సీ9, వీకేఓఆర్‌సీ1". ఊరికే "రక్తం గడ్డకట్టే జీన్ టెస్ట్" అంటే ఫ్యాక్టర్ 5 లైడెన్, ఎంటీహెచ్ఎఫ్ఆర్ ఉండే త్రాంబోఫిలియా ప్యానెల్ చేసేస్తారు. గడ్డ ఎందుకు కట్టిందో వెతికే టెస్ట్ అది. మందు ఎలా పనిచేస్తుందో అది చెప్పదు, డబ్బు మాత్రం పోతుంది.

రిపోర్ట్ చదివేటప్పుడు రెండు మెలికలు. *1 అంటే "మేం వెతికిన మార్పులు కనబడలేదు" అని అర్థం. వెతకని అరుదైన మార్పు ఉండొచ్చు. రెండోది, వీకేఓఆర్‌సీ1 ఫలితాన్ని కొన్ని ల్యాబ్‌లు జీ, ఏ అని కాకుండా సీ, టీ అని రాస్తాయి. డీఎన్ఏ ఎదుటి పోగు చదివారంతే: సీ అంటే జీ, టీ అంటే ఏ. టీటీ అని ఉంటే అది ఏఏ, అంటే తక్కువ డోసు మనిషి.

ఈ ఫలితం జీవితాంతం మారదు, మళ్లీ చేయించక్కర్లేదు. కాలేయం మార్పిడి జరిగితే మాత్రం కొత్త కాలేయం జీన్లే మందును నడిపిస్తాయి. కాపీని ఫైల్లో, ఫొటోను ఫోన్లో ఉంచండి. సీవైపీ2సీ9 *3 ఉన్నవాళ్లకు ఫిట్స్ మందు ఫెనిటోయిన్ కూడా ఒంట్లో ఎక్కువ పేరుకుంటుంది. ఆ డాక్టరుకూ ఈ కాగితం చూపించాలి.

ఊళ్లో అసలు ఇబ్బందులు

జీన్ ఎంత బాగా తెలిసినా ఐఎన్ఆర్‌ను ఒక్క వారంలో తలకిందులు చేసేవి వేరే ఉన్నాయి. విరేచనాలకు ఇచ్చే మెట్రోనిడజోల్, తామరకు ఇచ్చే ఫ్లుకోనజోల్, యాంటీబయోటిక్ అయిన కోట్రైమాక్సజోల్, గుండె లయకు ఇచ్చే అమియోడరోన్, ఇవన్నీ సీవైపీ2సీ9ను అడ్డుకుని ఐఎన్ఆర్‌ను పెంచుతాయి. *3 ఉన్న మనిషికి అసలే ఆ ఎంజైమ్ పని తక్కువ, కాబట్టి ఉన్న కొద్ది పనీ పోతుంది. కొత్త మందు మొదలైతే మూడు నుంచి ఐదు రోజుల్లో ఐఎన్ఆర్ చూపించండి. జ్వరం వచ్చి నాలుగు రోజులు తిండి తినకపోయినా అంతే.

ఫ్లోరైడ్ నీళ్ల వల్ల కీళ్లు పట్టేసిన కనిగిరి, పొదిలి ప్రాంతాల్లో నొప్పి బిళ్ల నోట్లో వేసుకోవడం రోజువారీ అలవాటు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కడుపులో పుండు చేస్తాయి, ఆసిట్రామ్ వాడేవాళ్లలో ఆ పుండు ఆగకుండా కారుతుంది. పారాసిటమాల్ మేలు, అదీ రోజుకు 2 గ్రాములు దాటి రోజుల తరబడి వాడితే ఐఎన్ఆర్ పెరుగుతుంది. ఊళ్లో డాక్టరు నడుముకు ఇంజెక్షన్ వేస్తానంటే ఆసిట్రామ్ సంగతి ముందే చెప్పండి. కండలో సూది గుచ్చితే లోపల రక్తం గూడుకట్టి తొడంతా నల్లబడుతుంది.

గోంగూర, మునగాకు, తోటకూర మానేయమని చెప్పడం మాకు నచ్చదు. విటమిన్ కె పూర్తిగా తగ్గితే ఐఎన్ఆర్ ఇంకా ఊగిసలాడుతుంది. వారానికి రెండుసార్లు ఆకుకూర తినే ఇల్లయితే రెండుసార్లే తినండి, ఆ లెక్క మార్చకండి. కార్తీకమాసంలో తిండి పద్ధతి మారితే మధ్యలో ఒకసారి ఐఎన్ఆర్ చూపించండి. చేపల పులుసుకు భయం లేదు, చేపలో విటమిన్ కె చాలా తక్కువ.

లోహపు వాల్వు ఉన్న ఆడపిల్లలకు నెల తప్పితే ఆ వారంలోనే డాక్టరును కలవాలి. ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య ఆసిట్రామ్, వార్ఫరిన్ బిడ్డ ఎముకలకు, ముఖానికి హాని చేయొచ్చు. సొంతంగా ఆపితే వాల్వు మీద గడ్డ కట్టి తల్లి ప్రాణానికే ముప్పు.

తల బద్దలయ్యే నొప్పి, తలకు దెబ్బ (పైకి గాయం లేకపోయినా), తారులాంటి నల్ల విరేచనం, రక్తపు వాంతి, ఒక చెయ్యో కాలో ఉన్నట్టుండి పడిపోవడం: వీటికి 108కు ఫోన్ చేయండి. ఐరన్ బిళ్లలకూ విరేచనం నల్లగా వస్తుంది కానీ జిగురుగా, కంపుగా ఉండదు. జేబులో పెట్టుకునే చీటీ మీద మందు పేరు, మి.గ్రా., వేసుకునే వేళ, ఐఎన్ఆర్ లక్ష్యం, చివరి ఐఎన్ఆర్ తేదీ, జీన్ ఫలితం, డాక్టరు నంబరు ఉండాలి. ఇంట్లో ఒకరికి *2/*2 వస్తే తోడబుట్టినవాళ్లలో ఒక్కొక్కరికీ అదే ఉండే అవకాశం కనీసం నాలుగింట ఒక వంతు. వాళ్లకు ఎప్పుడైనా స్టెంట్ పడితే ఈ మాట డాక్టరుకు మొదటి రోజే చెప్పాలి.